నవ్వులపాలయ్యాడా, అవమానపడ్డాడా?

తమ్ముడూ,

కథ చదివాను, నచ్చింది. కానీ రాఘవయ్య స్టేజి మీద నిలబడ్డ చోట "తీవ్రంగా అవమానపడ్డాడు" అని రాశావు చూడు, అక్కడే నాకు కథ చప్పబడిపోయింది. అవమానం అంటే చేసినవాడొకడు ఉండాలి కదా, ఇక్కడ రాఘవయ్యని ఎవరూ పల్లెత్తు మాట అనలేదు, ప్రసంగం రెండో కాగితం జేబులో లేదు అంతే, మైకు ఆన్‌లోనే ఉంది, వెనక వరసలో ఎవరో కిసుక్కుమన్నారు, ఇక హాలంతా గొల్లుమంది. దీన్ని మనం నవ్వులపాలవడం అంటాం.

ఆ "పాలు" అన్న ముక్క తేలిగ్గా తీసుకోకు. పాలు అంటే వాటా. మంటలపాలు, అప్పులపాలు, దొంగలపాలు... అన్నిట్లోనూ మనది కాస్తా మన చేయి దాటి పోవడమే కదా, రాఘవయ్య పరువు కూడా అలాగే ఆ హాల్లో కూర్చున్నవాళ్ళ పరమైపోయింది, ఇంక వాళ్ళిష్టం. నాకైతే ఈ మాటలో ఉన్నంత నిస్సహాయత ఇంకే మాటలోనూ కనపడదు.

మయసభలో దుర్యోధనుడు నేల అనుకుని నీళ్ళలో పడ్డాడు, అది నగుబాటు. నిండుసభలో ద్రౌపదికి జరిగినదాన్ని నగుబాటు అని రాస్తే చదివేవాడు ఊరుకోడు, ఊరుకోకూడదు కూడా, అది పరాభవం. నగుబాటుకి చూసేవాళ్ళుంటే చాలు, పరాభవానికి చేసే చేతులు కావాలి. తలవంపులు మాత్రం ఎక్కువగా మనవాళ్ళ వల్లే వస్తాయి, కొడుకు చేసినదానికి తండ్రి తల దించుకోవడం లాగా. చులకన ఒక్కరోజులో అయ్యేది కాదు, కాబట్టి ఒక్క సీన్‌లో దాన్ని ఇరికించకు. గొప్పలు పోయి దొరికిపోయినవాడికి అభాసుపాలు బాగా అతుకుతుంది, పేపర్లవాళ్ళు అన్నిటికీ అదే వాడి అరగదీశారు గానీ మంచి మాట.

ఇంకోటి, రాఘవయ్య ఇంటికొచ్చి భార్యతో "నాకు అవమానం జరిగింది" అంటాడా చెప్పు? "తల కొట్టేసినట్టయిందే" అంటాడు, లేదా ఏమీ అనకుండా రేపు ఆఫీసుకి ఏ మొహం పెట్టుకుని వెళ్ళాలా అని కూర్చుంటాడు. ఆ రెండిట్లో ఏది నీ రాఘవయ్యో నీకే తెలియాలి. స్టేజి మీద ఉన్నంతసేపు మాత్రం నువ్వు ఏ పేరూ పెట్టకు, ఆ ఒక్క కాగితాన్నే అటూ ఇటూ తిప్పనివ్వు. అది మార్చి మళ్ళీ పంపు, మిగతా కథ జోలికి పోకు.