ఏసీ సంగతి తర్వాత, బీరువా తెరిచి చూశారా?

ప్రశ్న: మాది దేవరకొండ. అమ్మాయి పదో తరగతి దాకా తెలుగు మీడియం. ఐదేళ్ల లా చదువుతానంటోంది. హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు కాలేజీవాళ్లు పెద్ద ఏసీ లైబ్రరీ చూపించారు. ఫీజు ఎక్కువే, కానీ కార్పొరేట్ లాకు మంచి ప్యాకేజీ అంటున్నారు. యూనివర్సిటీ కాలేజీలో పాత బీరువాలే కనిపించాయి. ఏది మేలు?

జవాబు: మీరు అడిగింది లైబ్రరీ గురించి. మీ టెన్షన్ మాత్రం, అంత ఇంగ్లీషు మా పిల్ల చదవగలదా అని. నల్లగొండ, పాలమూరు వైపు నుంచి వచ్చే తల్లిదండ్రులు చాలామంది ఇట్లాగే చుట్టుతిరిగి అడుగుతారు. చదువుతుందండీ. తీర్పుల భాష మొదటి ఏడాది ఇంగ్లీషు మీడియం పిల్లలకూ కొరుకుడు పడదు. సుప్రీంకోర్టు 2023లో తెచ్చిన ఈ-ఎస్‌సీఆర్ పోర్టల్‌లో తీర్పులు ఉచితం, కొన్నిటికి తెలుగు అనువాదాలూ ఉన్నాయి. రెండూ పక్కపక్కన పెట్టుకుని రోజుకు రెండు పేజీలు చదవమనండి, ఇప్పటినుంచే.

మీరు ముఖం చిట్లించుకున్న ఆ బీరువాల్లో ఉండేవి 1914 నుంచి వస్తున్న ఏఐఆర్, 1969 నుంచి వస్తున్న ఎస్‌సీసీ లాంటి తీర్పుల సంపుటాలు. 2024 జులై 1న ఐపీసీ (పాత శిక్షాస్మృతి) స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చినా, అంతకుముందు జరిగిన నేరాలకు ఐపీసీయే. అందుకని పాతవి తూకానికి వేసే పుస్తకాలు కావు. కనీసం పదేళ్ల పాత సంపుటాలు ఉండాలని బార్ కౌన్సిల్ నిబంధనే ఉంది. మళ్లీ వెళ్లినప్పుడు అవి వరుసగా ఉన్నాయో, మధ్యలో కొనడం ఆపేశారో చూడండి. తీర్పులు వెతుక్కునే మనుపాత్ర, ఎస్‌సీసీ ఆన్‌లైన్ వెబ్‌సైట్ల లాగిన్ పిల్లల చేతికి ఇస్తారా? మూట్ కోర్టుకు, అంటే విద్యార్థుల నమూనా కోర్టు వాదనల పోటీకి ముందు నలుగురు కూర్చుని గొంతెత్తి వాదించుకునే గది ఉందా? నిశ్శబ్దంగా ఉండే ఏసీ హాల్లో ఆ పని కాదు. మే నెలలో ఏసీ హాయే, కాదనను.

కార్పొరేట్ లా మీద నాకు అనుమానాలున్నాయి. ప్యాకేజీల మాట చెప్పేవాళ్లు ఎందరికి వచ్చిందో చెప్పరు. అప్పుచేసి చదివిన పిల్ల, కోర్టులో ప్రాక్టీసు చేయాలనిపించినా చేయలేకపోతుంది. మొదటి రెండు మూడేళ్లు సంపాదన అంతంతమాత్రం, కిస్తీ మాత్రం ఆగదు. అసలు ఆ కార్పొరేట్ లా కోరిక ఆమెదా, మీదా? లా చదువుతానంటోందని రాశారు గానీ, దీని గురించి ఆమె ఏమంటుందో ఒక్క వాక్యం రాయలేదు మీరు.

యూనివర్సిటీ కాలేజీలో సీటు వస్తే నేనైతే అక్కడే చేర్పిస్తాను. ఈసారి అమ్మాయిని వెంట తీసుకెళ్లండి. మూడో ఏడాది పిల్లలతో ఆమెనే మాట్లాడనివ్వండి, మీరు బయట టీ తాగండి. లైబ్రరీ మూసే వేళకు హాస్టల్‌కు ఎట్లా చేరతారో కూడా వాళ్లే చెబుతారు.