సుట్ట సంగతి కూడా అడుగు, బుజ్జీ

బుజ్జీ,

నిన్న మీ అమ్మ ఫోన్ చేసి నీ థీసిస్ సంగతి చెప్పింది. ఆస్తమా, సీవోపీడీ (ఎక్కువగా పొగ వల్ల ఊపిరిగొట్టాలు శాశ్వతంగా ఇరుకైపోయే జబ్బు) రెండూ కలిసి ఉన్న పేషెంట్ల మీద చేస్తావట. ఆంధ్రా మెడికల్ కాలేజీలో నీకు పల్మనాలజీ సీటు వచ్చిందని వీధంతా స్వీట్లు పంచినవాణ్ణి, ఈ మాట విన్నాక రాత్రంతా నిద్రపోలేదు. సగం గర్వం, సగం టెన్షన్.

ఆ జబ్బుకి పేరే నిలకడగా లేదు. 2014లో ఆస్తమాకి మార్గదర్శకాలు రాసే గినా, సీవోపీడీకి రాసే గోల్డ్ వాళ్లు కలిసి ఆస్తమా-సీవోపీడీ ఓవర్‌ల్యాప్ సిండ్రోమ్ అని పేరు పెట్టారు. తర్వాత అందులోంచి సిండ్రోమ్ అన్న మాట తీసేశారు. 2020కి గోల్డ్ వాళ్లు ఆ పేరే వాడం అన్నారు. పేరు తీసేస్తే పేషెంటు లేచి ఇంటికి పోడు కదా. ఎవరి కొలత తీసుకుంటున్నావో మీ గైడ్‌ని అడిగి ముందే రాసి పెట్టుకో.

ఊదించి ఊపిరి కొలిచే స్పైరోమెట్రీ నీకు నేను నేర్పక్కర్లేదు. రోజూ పొద్దున్నే మూడు లీటర్ల సిరంజితో మెషీన్ సరిచూసుకో, ఊపిరిగొట్టాలు తెరిచే సాల్‌బుటమాల్ ఇచ్చాక పదిహేను నిమిషాలు ఆగు, స్టెరాయిడ్ మొదలుపెట్టకముందే రక్తంలో ఇసినోఫిల్స్ (అలర్జీలో పెరిగే కణాలు) చూడు. అంతే.

నా భయమంతా కేసు షీటు దగ్గరే.

నేను కొత్తగా చేరిన రోజుల్లో (ఆసుపత్రి పేరెందుకులే) జాలరిపేట నుంచి ఒకామె వచ్చేది. యాభై దాటిన మనిషి, ఎండుచేపలు అమ్మేది. చిన్నప్పటి నుంచీ ఉబ్బసం అంది. బీడీ, సిగరెట్టు తాగుతావా అంటే పమిట అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆస్తమా అని రాసేశాను. మూడేళ్లు ప్రతి చలికాలం ఆయాసంతో వచ్చింది. వచ్చినప్పుడల్లా తిట్టాను, పఫ్ సరిగ్గా పీల్చడం లేదని. ఒకరోజు చెంగు ముడి విప్పి, ఖాళీ పఫ్ డబ్బాలు నా బల్ల మీద వరసగా పెట్టింది. "అన్నీ అయిపోయాయి బాబూ" అంది. అప్పుడూ నమ్మలేదు, సగం గాల్లోకి కొట్టుంటుంది అనుకున్నాను.

ఆ తర్వాతోసారి గొంతు నొప్పి అంటే టార్చి వేసి చూశాను. అంగిలంతా తెల్లగా మందం కట్టి, మధ్యమధ్య ఎర్రటి చుక్కలు. ఏమిటిదని అడిగాను.

"సుట్ట గదా బాబూ! మీరు బీడీ, సిగరెట్టే అడిగారు. సుట్ట అడగనేదు."

అడ్డపొగ. నిప్పు కొస నోట్లో పెట్టుకుని ముప్పై ఏళ్లకు పైగా, రోజుకి నాలుగైదు. అప్పుడు మెషీన్‌లో ఊదిస్తే, మందు తర్వాత అంకె బాగానే పెరిగింది (అది ఆస్తమా గుర్తు) కానీ మామూలు స్థాయికి రాలేదు (అది సీవోపీడీ గుర్తు). రెండు జబ్బులూ ఉన్నాయి. మొదటి రోజే అడిగి ఉంటే ఆ మూడేళ్ల చుట్టలైనా ఆపించేవాణ్ణి. పోయిన ఊపిరితిత్తి తిరిగి రాదు. తిట్టిన తిట్లూ వెనక్కి రావు.

దీనికి తిరగేసిన తప్పు కూడా ఉంది. పోర్టులో బొగ్గు దించే మనిషి, సిగరెట్టు తాగుతాడు అనగానే అందరూ సీవోపీడీ అని రాస్తారు. బడికెళ్లే వయసులో పిల్లికూతలు ఉండేవా, పొద్దున్నే తుమ్ములు వస్తాయా అని అడుగు. ఆస్తమా కూడా కాస్త ఉన్నవాడికి పీల్చే స్టెరాయిడ్ లేకుండా లాబా (ఊపిరిగొట్టాలని ఎక్కువసేపు తెరిచి ఉంచే మందు) ఒక్కటే ఇస్తే ప్రమాదం. పైగా రెండూ ఉన్నవాళ్లకి ఆయాసం ఎక్కువసార్లు తిరగబెడుతుంది. పాడేరు వైపు నుంచి వచ్చే ఆడవాళ్లని పుల్లల పొయ్యి గురించి అడుగు, పాత టీబీ గురించీ అడుగు.

ఇక నీ సంగతి. ఐదో ఏట నీకు పిల్లికూతలు వచ్చిన రాత్రి నిన్ను భుజాన వేసుకుని తెల్లారేదాకా డాబా మీద తిరిగినవాణ్ణి నేనే. టీబీ వార్డుకి ఎన్95 లేకుండా వెళ్లావని తెలిస్తే మీ హెచ్‌వోడీ ముందే చెవి మెలేస్తాను. నైట్ డ్యూటీకి నీ పఫ్ కోటు జేబులో పెట్టుకో, బ్యాగులో కాదు.

ఆదివారం భోజనానికి రా. మీ పెద్దమ్మ వంజరం పులుసు పెడతానంది. నీ కేసు షీటు కూడా పట్రా, పొగాకు దగ్గర ఎన్ని గళ్లు గీశావో చూడాలి.

మీ పెదనాన్న