తలుపు పక్కన ఒక కుర్చీ

తిరుపతి,
ఆదివారం రాత్రి

అమ్మా,

నిన్న పరిషత్తు నాటక పోటీలో నీ నాటిక ఆడాక, అర్ధరాత్రి నువ్వు పంపిన మెసేజ్ పొద్దున లేచాక చూశాను. "ఒక్కరు కూడా చప్పట్లు కొట్టలేదు సార్, ఆఖరి సీను మార్చేస్తాను" అని రాశావు. ఫోన్‌లో నాలుగు మాటలతో తేలే విషయం కాదు, అందుకే ఉత్తరం రాస్తున్నాను. ఇది చదవడం అయ్యేదాకా స్క్రిప్టు ముట్టుకోవద్దు.

నిన్న నేను వెనక వరుసలో కూర్చున్నాను. పది నిమిషాలు నాటిక చూశాక, స్టేజీని వదిలేసి మనుషుల్ని చూడటం మొదలుపెట్టాను. పక్షవాతంతో మంచం పట్టి మాట పడిపోయిన తండ్రి. ఆయనకు గంజి తాగించి, దుప్పటి మార్చే కూతురు. పదకొండేళ్ల వయసులో స్టోర్ రూంలో బాబాయి తనను ఏం చేశాడో నాన్నకు చెప్పుకున్న రోజును ఆమె ముక్కముక్కగా బయటికి తీస్తుంటే, హాల్లో మెడలు ఒక్కొక్కటే వంగిపోయాయి. "ఆ రోజు నేను చెప్పింది నీకు వినబడిందా నాన్నా? వినబడుంటే ఆ ఎడమ చెయ్యి ఎత్తు" అని ఆమె అడిగినప్పుడు దగ్గులు కూడా ఆగిపోయాయి. ఫ్యాన్ల చప్పుడొక్కటే. లైట్లు వెలిగినా ఎవరూ లేవలేదు. నా పక్కనాయన బైకు తాళాలు చేతిలో పట్టుకొని అట్లాగే కూర్చున్నాడు.

నాట్యశాస్త్రం ఇరవై ఏడో అధ్యాయం ఒకసారి తీసి చూడు. ప్రదర్శన ఫలించడం రెండు రకాలంటాడు భరతుడు. జనం నవ్వడం, "సాధు" అనడం, కరుణ దగ్గర "కష్టం" అని కన్నీళ్లు పెట్టుకోవడం, ఒళ్లు గగుర్పొడవడం, ఉంగరాలు, బట్టలు తీసి ఇవ్వడం, ఇదంతా మానుషీ సిద్ధి. శబ్దం లేక, కలత లేక, నిండుగా ఉన్న రంగం దైవీ సిద్ధి. మహతి ఆడిటోరియంలో చప్పట్ల మోత వినీ వినీ మన చెవులు మొదటిదానికే అలవాటు పడ్డాయి. నిశ్శబ్దమంతా గొప్పదని నేననడం లేదు. విసుగు పుట్టినా హాలు నిశ్శబ్దంగానే ఉంటుంది. కానీ అప్పుడు ఒళ్లో ఫోన్ల వెలుతురు కనబడుతుంది. నిన్న చివరి ఇరవై నిమిషాల్లో ఒక్క ఫోనూ వెలగలేదు. నేను చూస్తూనే ఉన్నాను.

కలత కూడా ఉంది, కాదనను. మధ్యలో ఒక పెద్దాయన లేచి "ఆడబిడ్డల్ని ఎంటబెట్టుకొని వచ్చినాం, ఏంది సార్ ఈ నాటకం?" అని అరిచాడు. నువ్వు సైడ్ వింగ్‌లో నిలబడి ఏడ్చావని తర్వాత తెలిసింది. ఆయన మీద కోపం పెట్టుకోవద్దు. ఆ మాట గురించి నేను ఈరోజంతా ఆలోచించాను.

మన చిత్తూరు పల్లెల్లో భారతం ఉత్సవం జరిగినప్పుడు ఆ పెద్దాయనలాంటి వాళ్లు ఇంటిల్లిపాదినీ తీసుకొని వెళ్తారు. మధ్యాహ్నం హరికథ, రాత్రి నాటకం. నిండు సభలో ద్రౌపది చీర లాగడం పిల్లలతో సహా చూస్తారు. అంతకంటే ఘోరం నీ నాటికలో ఏముంది? కానీ అక్కడ చివరి రోజు పొద్దున మట్టితో పోసిన అంత పెద్ద దుర్యోధనుడు పడతాడు. సాయంత్రం ఊరంతా చూస్తుండగా అగ్నిగుండం తొక్కుతారు. అన్ని రాత్రులు మోసిన బరువును దించుకోవడానికి ఊరికి ఒక చోటు దొరుకుతుంది. నీ నాటికలో బాబాయి స్టేజీ మీదికే రాడు. కొట్టడానికి బొమ్మ లేదు, తొక్కడానికి నిప్పు లేదు. కనబడేది మంచం మీది నాన్న ఒక్కడే. చెడ్డవాడు కాదు, బిడ్డను ప్రేమించినవాడే. పరువు పోతుందని ఊరుకున్నాడు, అంతే. ఆ పెద్దాయనకు అక్కడ తనలాంటి మనిషి కనబడ్డాడు. ఆ అరుపు అక్కడినుంచి వచ్చిందని నా నమ్మకం.

ఇది కొత్తగా వచ్చిన గొడవేమీ కాదు. సుమారు 2,500 ఏళ్ల కిందట గ్రీకుల ఏథెన్సు నగరంలో ఫ్రినికస్ అనే కవి, అప్పుడే శత్రువుల చేతిలో నాశనమైన మిలేటస్ నగరం మీద నాటకం ఆడించాడు. మిలేటస్ వాళ్లకు అయినవాళ్ల ఊరు. చూసినవాళ్లంతా ఏడ్చారు. ఏడ్చిన ఆ జనమే కవికి వెయ్యి డ్రాక్మాల (వాళ్ల వెండి నాణేలు) జరిమానా వేసి, ఆ నాటకాన్ని ఇంకెవరూ ఆడకూడదన్నారు. తమ సొంత కష్టాన్ని గుర్తు చేశాడన్నదే నేరమని గ్రీకు చరిత్రకారుడు హెరొడొటస్ రాశాడు. ఊరివాళ్ల కష్టమైతే ఏడ్చి ఇంటికి పోతాం. మనింటిదైతే చెప్పినవాడి మీద కోపం వస్తుంది. మరి ఇది ఎన్ని ఇళ్లదో తెలుసా? 2007లో కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 13 రాష్ట్రాల్లో, మన రాష్ట్రంతో సహా, పిల్లల్ని అడిగి ఒక నివేదిక వేసింది. ఏదో ఒక రూపంలో లైంగిక వేధింపు ఎదురైందని చెప్పిన పిల్లలు 53 శాతం. నిన్నటి హాల్లో సీట్లు నువ్వే లెక్కపెట్టుకో.

ఇక న్యాయనిర్ణేతల మాట. "సందేశం లేదు, పరిష్కారం చూపలేదు" అన్నారు. పరిషత్తుల్లో ఈ మాట నేను ముప్పై ఏళ్లుగా వింటున్నాను. తండ్రి చెయ్యెత్తి దండం పెట్టి, కూతురు కాళ్ల మీద పడి ఏడిస్తే నీకు ఉత్తమ రచన వచ్చేదేమో. దానికోసం ఆ ముగింపు రాస్తే ఆ కూతురికి నువ్వు కూడా ద్రోహం చేసినట్టే. మార్చొద్దు.

అయితే ఒక విమర్శ మాత్రం తీసుకోవాలి. బయట మెట్ల మీద, కాలేజీ పిల్లలా ఉన్న ఒకమ్మాయి స్నేహితురాలితో అంటుంటే విన్నాను. "ఆ స్టోర్ రూం సంగతి రెండోసారి చెప్పకుండా ఉంటే బాగుండేది" అని. ఆ అమ్మాయి చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. నేనూ అదే తప్పు చేశాను కాబట్టి తెలుసు.

చాలా ఏళ్ల కిందట, బోరుబావిలో బిడ్డను పోగొట్టుకున్న భార్యాభర్తల మీద ఇద్దరు పాత్రలతోనే ఒక నాటిక రాశాను. బిడ్డను పైకి తీసిన క్షణం భర్త నోట ఒకసారి వస్తుంది. ఆ చోట హాలు కదిలిపోవడం చూసి, తర్వాతి ప్రదర్శనకు చివర్లో మళ్లీ ఒకసారి చెప్పించాను, ఇంకా వివరంగా. చప్పట్లు బాగా పడ్డాయి. ఆట అయ్యాక ఒకాయన గ్రీన్ రూం బయట నా కోసం నిలబడి ఉన్నాడు. తన బిడ్డ కూడా అట్లాగే పోయాడని చెప్పాడు. "మొదటిసారి మీ నాటకంలో మనిషి చెప్పుకున్నాడు సార్, విన్నాను. రెండోసారి ఎందుకు చెప్పించినారు?" అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. మొదటిసారి ఆ భర్తకు అవసరమై చెప్పాడు, రెండోసారి నాకు అవసరమై చెప్పించాను. ఆయన ముఖం ఇప్పటికీ నా కళ్ల ముందు ఉంది. నీ స్క్రిప్టులో రెండో స్టోర్ రూం డైలాగ్ దగ్గర కూర్చొని, ఇది ఆ కూతురికి కావాలా, నీకు కావాలా అని నిజాయితీగా అడుగు. నాకైతే అక్కడ ఆమె నోరు మూసుకొని దుప్పటి మడత పెడితే చాలనిపించింది.

వచ్చే నెల చిత్తూరు ప్రదర్శనకు కొన్ని పనులు చెయ్యి. ఇందులో పిల్లలపై లైంగిక హింస ప్రస్తావన ఉందని గేటు దగ్గర పెద్ద అక్షరాలతో రాసి పెట్టు. దానివల్ల సస్పెన్స్ పోతుందని డైరెక్టర్ అంటాడు, పోనీ. ఆ బోర్డు కిందే చైల్డ్‌లైన్ 1098, మహిళల హెల్ప్‌లైన్ 181 నంబర్లు రాయి. ఆట అవగానే మైకు పట్టుకొని "మీ అభిప్రాయాలు చెప్పండి" అని అడగొద్దు. పది నిమిషాలు వాళ్లను వాళ్లకు వదిలెయ్యి. ఆ వేషం వేసిన అమ్మాయిని ఒంటరిగా ఇంటికి పంపొద్దు, మేకప్ తీసేదాకా పక్కనే ఉండు, ఏదైనా తినిపించు. తలుపు పక్కన ఒక కుర్చీ ఖాళీగా ఉంచు, బయటొకటి, దాని పక్కన మంచినీళ్లు.

కుర్చీ ఎందుకో చెప్తాను. మూడో వరుసలోంచి ఒకావిడ లేచి వెళ్లిపోయిందని నువ్వు బాధపడ్డావు కదా. నాటిక అయ్యి నేను బయటికొచ్చేసరికి ఆవిడ పార్కింగ్ దగ్గర గట్టు మీద కూర్చొని ఉంది. యాభై దాటి ఉంటాయి. ఇంటికి వెళ్లిపోలేదు. నన్ను చూసి, లోపలినుంచే వస్తున్నానని గుర్తుపట్టి, "ఆ నాయన చెయ్యెత్తినాడా?" అని అడిగింది.

"లేదమ్మా" అన్నాను.

కాసేపు ఏమీ అనలేదు. తర్వాత చెప్పులు తొడుక్కుంటూ "ఎత్తడు" అని, ఆటో కోసం రోడ్డు మీదికి నడిచింది.