‘డెడ్ కార్ప్స్’ తప్పా?

సందేహం: కార్ప్స్ అంటేనే శవం కదా, మరి పాత ఇంగ్లీషు బైబిల్లో ‘డెడ్ కార్ప్సెస్’ అని ఉందేమిటి? ఎన్.సి.సి.లో చివరి ‘సి’ కూడా ఈ మాటేనా? ఎలా పలకాలి?

సమాధానం: మీరు చూసింది రాజుల రెండో గ్రంథం 19వ అధ్యాయంలోది అయుండాలి. అష్షూరు దండులో ఒక్క రాత్రిలో 1,85,000 మంది చనిపోతారు, పొద్దున్నే లేచి చూస్తే అందరూ ‘డెడ్ కార్ప్సెస్’. అది 1611 నాటి అనువాదం, ఆ రోజుల్లో అది తప్పు కాదు. ఎందుకంటే అప్పటికి కార్ప్స్ అంటే ఒట్టి దేహమనే అర్థం ఇంకా పూర్తిగా పోలేదు, ప్రాణం ఉన్నదా లేనిదా అన్నది విడిగా చెప్పుకునే వీలుండేది. షేక్‌స్పియర్ నాటకంలో హామ్లెట్ కూడా తండ్రి ప్రేతాన్ని ‘డెడ్ కార్స్’ అనే పిలుస్తాడు.

అక్కడ ‘ప’ లేదు, గమనించారా? లాటిన్‌లో కార్పస్ అంటే దేహం. పాత ఫ్రెంచికి వచ్చేసరికి ‘ప’ జారిపోయింది, ఇంగ్లీషులోకీ అలా జారిపోయిన రూపమే వచ్చింది. తర్వాత చదువుకున్నవాళ్లు లాటిన్ మూలం కనబడాలని రాతలో ‘ప’ను తిరిగి చొప్పించారు. ఫ్రెంచివాళ్లు దాన్ని రాసి పలకకుండా వదిలేస్తే, ఇంగ్లీషువాళ్లు పలకడం కూడా మొదలుపెట్టారు. చివరి ‘ఇ’ అక్షరం స్థిరపడింది 19వ శతాబ్దంలోనే. వేదభాషలో రూపం, శోభ అనే అర్థాల్లో వచ్చే ‘కృప్’ దీనికి దూరపు చుట్టం, దయ అనే కృపతో మాత్రం కలపకండి.

కార్పస్‌లో చావు లేదనడానికి మన పేపర్లలో రోజూ కనిపించే హెబియస్ కార్పస్ పిటిషన్ చాలదూ? కోర్టు ముందుకు తెమ్మనేది బతికున్న మనిషినే. కార్పొరేషన్ అన్నా పలువురు కలిసి ఒకే దేహమైనట్టు లెక్క. క్యాడెట్ కోర్ కూడా ఆ వంశమే, కానీ అక్కడ ‘ప’, ‘స’ రెండూ పలకవు. స్టేజీ మీద మైకు పట్టుకుని పిల్లల దళాన్ని ‘క్యాడెట్ కార్ప్స్’ అని పిలవడం వింటే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. దయచేసి ‘కోర్’ అనండి.

మనకూ ఇలాంటిదే జరిగింది. గీత ఎనిమిదో అధ్యాయంలో ‘అంతకాలే చ మామేవ స్మరన్ముక్త్వా కలేబరమ్’ అని ఉంది. అక్కడ కలేబరం అంటే శరీరం, జీవుడు విడిచివెళ్లేది. తెలుగులో అది కళేబరమై, రోడ్డు పక్కన చచ్చిపడిన గేదెకు మిగిలింది. ఈ అర్థం పట్టుకుని ఆ శ్లోకం చదివితే విడిచేది శవాన్నా అన్న గందరగోళం వస్తుంది. ఇంగ్లీషుకు కార్ప్స్ ఎలాగో మనకు కళేబరం అలాగ.

ఇక ఇంగ్లీషులో శవానికున్న మిగతా మాటలు. కెడావర్ మెడికల్ కాలేజీ మాట, కార్కస్ పశువులకే, మనిషికి వాడితే తిట్టు.

ఈరోజు ‘డెడ్ కార్ప్స్’ రాయవచ్చా అంటే, రాయకపోవడమే మంచిది. పాత రచనలో కనిపిస్తే మాత్రం దిద్దకండి. నిజానికి ఆ పునరుక్తి కంటే నన్ను ఎక్కువ బాధపెట్టేది మన వార్తల్లో వచ్చే ‘మృతుడి మృతదేహాన్ని పోస్టుమార్టం నిమిత్తం తరలించారు’ అన్న వాక్యం. ‘మృతదేహాన్ని’ అంటే చాలదా? ఇంకొందరు ‘పార్థీవదేహం’ అని దీర్ఘం తీస్తారు. పృథివి నుంచి వచ్చింది పార్థివం, ‘థి’కి దీర్ఘం లేదు. పెద్దవాళ్లు పోయినప్పుడైనా ఆ మాట సరిగా రాయాలి కదా! చనిపోయినవాళ్ల ఇంటికి ఇంగ్లీషులో సంతాపం రాసేటప్పుడు కార్ప్స్ వాడకండి, మొరటుగా ఉంటుంది. అక్కడ ‘బాడీ’ కూడా అవసరం లేదు, మనిషి పేరు రాస్తే సరిపోతుంది.