పొలం తాకట్టు బాబుకి, పాపకేమో 'వద్దు'నా?

ప్రశ్న: మాది జగిత్యాల దగ్గర. 15 ఏళ్లు దుబాయ్‌లో చేసి వచ్చిన. బాబు బీటెక్ అయిపోయింది, పొలం తాకట్టు పెట్టి అమెరికాలో ఎంఎస్ చేయిద్దామని ఉంది. పాప బీఎస్సీ నర్సింగ్ మూడో సంవత్సరం, జర్మనీ పోతానంటోంది, ఆడపిల్ల ఒక్కతే అంత దూరం ఎందుకని వద్దన్నా. ఏ దేశం బెటర్?

అన్నా, పోల్చి చెప్తా గానీ ముందు ఒక మాట, కోప్పడకండి. మీరు లెక్క వేసింది పక్కింటోళ్ల పిల్లలు ఎక్కడున్నారని. అవతలి దేశానికి ఎవరి అవసరం ఉందో చూళ్లేదు. జర్మనీ జనాభాలో సగం మంది 45 దాటినోళ్లే, మన దగ్గర సగం మందికి 30 కూడా నిండలేదు. 1960ల్లో పుట్టినోళ్లంతా అక్కడ వరసగా రిటైరవుతున్నారు, వాళ్ల పనులు చేసే, వాళ్లని చూసుకునే చేతులు చాలట్లేదు, అందుకే మనవాళ్ల స్కిల్డ్ వీసాల్ని ఏడాదికి 20,000 నుంచి 90,000కి పెంచుతామని 2024లో ప్రకటించారు. అమెరికాలో కొత్త హెచ్1బీలు (ఉద్యోగ వీసాలు) ఏడాదికి 85,000, అడిగేవాళ్లు లక్షల్లో, అందుకే లాటరీ తీస్తారు. ఎంఎస్ అయ్యాక ఓపీటీ, అంటే చదువయ్యాక అక్కడ పని చేసుకునే అనుమతి, ఇంజనీరింగ్, సైన్స్ లాంటి కోర్సులకైతే మూడేళ్లు, ఈలోపు లాటరీ తగలకపోతే అప్పు మాత్రం ఇక్కడే ఉంటుంది. పోయిన నెల అలా తిరిగొచ్చిన ఒకబ్బాయి నా ముందు గంటసేపు కూర్చున్నాడు, ఫోన్ మోగిన ప్రతిసారీ బ్యాంకోళ్లేమో అని బోర్లా తిప్పేశాడు.

అలాగని జర్మనీ అంటే పూలబాట కాదు, ఈమధ్య అదో ఫ్యాషన్ అయి కూర్చుంది, నాకు కాస్త భయంగానే ఉంది. జర్మన్ భాష బీ2 స్థాయి దాకా రావాలి, అక్కడ నర్సుగా రిజిస్ట్రేషన్ వచ్చేదాకా అసిస్టెంట్‌గా తక్కువ జీతానికి చెయ్యాలి. ఇంకోటి ఏ ఏజెంటూ చెప్పడు. మన దగ్గర పేషెంటుకి ఒళ్లు తుడిచేది, తినిపించేది పక్కనున్న ఇంటోళ్లు, అక్కడ అదంతా నర్సు పనే. పాపకి ఇది ఇప్పుడే చెప్పండి, అయినా సరే అంటే ఆపకండి.

మీరు 15 ఏళ్లు ఒక్కరే ఎడారిలో ఉన్నారు, అప్పుడు దూరం గుర్తు రాలేదు గానీ ఇప్పుడు కూతురికి గుర్తొచ్చిందా? బొత్తిగా లేనోడు పాలమూరు నుంచి బొంబాయి దాకే పోగలడు, దుబాయ్ ఏజెంటుకి కట్టాలన్నా చేతిలో కొంత ఉండాలి. మీరు పంపిన డబ్బుతో పిల్లలు చదివారు, చదివారు కాబట్టే ఇంకా దూరం చూస్తున్నారు. వలస ఇట్లాగే పెరుగుతుంది, ఇందులో మీ పెంపకం తప్పేం లేదు.

అసలు భయం ఇద్దరూ పోతే మమ్మల్ని ఎవరు చూస్తారనే కదా. తెలంగాణలో కూడా ఇప్పుడు ఇంటికి ఇద్దరు పిల్లల కన్నా తక్కువే, కొన్నాళ్లకి ఇక్కడా ముసలోళ్లు ఎక్కువై నర్సులకి గిరాకీ వస్తుంది, పాప తిరిగి రావాలనుకుంటే పని దొరక్కపోదు, ఆ బెంగ వద్దు.

ఏజెంట్లని పక్కనపెట్టి టామ్‌కామ్ ఆఫీసుకి వెళ్లండి, అది మన సర్కారుదే, నర్సులకి జర్మన్ నేర్పించి పంపిస్తున్నారు. పొలం కాగితాలు బీరువాలోనే ఉండనివ్వండి. బాబు ఏం చెయ్యాలనుకుంటున్నాడో ఇంత పెద్ద లెటర్లో ఒక్క ముక్క లేదు, అది కనుక్కుని మళ్లీ రాయండి.