అమ్మ ఏడాదికి పుస్తకం వేయాలంటే

ప్రశ్న: అమ్మ పోయి ఏడు నెలలైంది. ఏడాది నాటికి ఆమె జీవితాన్ని చిన్న పుస్తకంగా వేసి చుట్టాలకు పంచాలని ఉంది. నాన్నను అడిగితే ‘మంచిది, సంసారం చక్కగా చేసింది’ అంటాడు, అంతకుమించి మాట రాదు. అమ్మ పుట్టిన తేదీ ఎవరికీ తెలియదు. ఎట్లా మొదలుపెట్టాలి?
– ఒక పాఠకురాలు, మిర్యాలగూడ

జవాబు: ‘ఎట్లాంటి మనిషి’ అని అడిగితే ఏ భర్తయినా అంతే చెప్తాడు. ఆమె చేసిన పనుల గురించి అడగండి. పొద్దున లేవగానే మొదట ఏం చేసేది? నీళ్లు ఏ బావి నుంచి, ఎన్ని బిందెలు తెచ్చేది? నాట్లకు ఎవరెవరితో పోయేది? ఫ్యాను ఆపి, ఫోన్లో రికార్డు పెట్టి, పూటకు అరగంటే కూర్చోండి. ఎక్కువైతే ఆయన అలసిపోతాడు, దుఃఖమూ పొంగుతుంది. ఆమె వాడిన చాటో, తవ్వో, బతుకమ్మ తాంబాళమో చేతికిస్తే మాట దానంతటదే వస్తుంది.

ఆధార్‌లో జనవరి 1 అని ఉంటే అదే పుట్టినరోజని రాయకండి, తేదీ తెలియనివాళ్లకు చాలాసార్లు అట్లాగే వేశారు. అందరికీ గుర్తున్న సంగతులను పట్టుకుని వయసు లెక్కకట్టండి. నాగార్జునసాగర్ కాలువలకు నీళ్లు వదిలింది 1967లో (మీ ఊరిదాకా ఎప్పుడు పారాయో వేరే అడగాలి). బడులు మూతపడ్డ తెలంగాణ ఉద్యమం 1969లో, రెండు రూపాయల బియ్యం 1983లో. ‘కాలువ వచ్చేనాటికి అమ్మ ఎంత పిల్ల?’, ‘పెద్దోడు పుట్టింది రెండ్రూపాయల బియ్యానికి ముందా, తర్వాతా?’ అని మేనత్తనో పెద్దమ్మనో అడగండి. ఇద్దరి లెక్కా కలిస్తే ఆ ఏడాది వేయండి, లేకుంటే ‘1955 ప్రాంతంలో’ అంటే చాలు. పుట్టిల్లు సూర్యాపేట, భువనగిరి దిక్కు అయితే ‘అప్పటి నల్లగొండ జిల్లా’ అని రాయాలి, జిల్లాలు విడిపోయింది 2016 అక్టోబరు 11న కదా.

ఒక పేజీ తపాల చెక్కకు (గిన్నె లోపల బియ్యప్పిండి ఒత్తి కాల్చే సర్వపిండికి) తప్పకుండా ఇవ్వండి. అమ్మ పిడికిలితోనే కొలత పోయిందనుకోవద్దు. పక్కన నిలబడి నేర్చుకున్న బిడ్డ మూడుసార్లు పిడికిలితో పోస్తే, తూచి సగటు తీయండి. పిండి ఎంత మందం ఒత్తేదో, నూనె దిగడానికి వేలితో ఎన్ని బొక్కలు పెట్టేదో కూడా రాయాలి. మందమైతే అంచు మాడి నడుమ పచ్చిగా ఉంటుంది. వేడి గిన్నెకు పిండి సరిగా అతకదు, అందుకే రెండు గిన్నెలు మార్చి మార్చి వాడతారు. ఆమె కష్టజీవి అని పది వాక్యాలు రాసినా, ఆ రెండో గిన్నె చెప్పినంత చెప్పవు.

ప్రశ్న: పెళ్లి ఫోటో ఫ్రేము గాజుకు అతుక్కుపోయింది. అచ్చుకు ఎట్లా ఇవ్వాలి?
– ఒక పాఠకుడు, వనపర్తి

జవాబు: పీకకండి, బొమ్మ ఉన్న పొర గాజుకే ఉండిపోతుంది. ఫ్లాష్ లేకుండా, కిటికీ వెలుతురు పక్క నుంచి పడేటట్లు గాజు మీదనే ఫోటో తీయండి. విడిగా ఉన్న పాత ఫోటోలను 600 డీపీఐలో స్కాన్ చేయించండి. వాట్సాప్‌లో డాక్యుమెంటుగా పంపితేనే స్పష్టత తగ్గదు.

ఇక అచ్చు సంగతి, ఇది ఇద్దరికీ. నడుమ పిన్ను కొట్టే పుస్తకానికి పేజీలు నాలుగు చొప్పున పెరగాలి కాబట్టి 16 చాలు. పెద్దవాళ్లు చదివేటట్లు అక్షరం 14 పాయింట్లు పెట్టించండి. ఫోన్లో టైపు చేసే యూనికోడ్ నుంచి ప్రెస్సువాళ్లు వాడే అను ఫాంటులోకి మార్చేటప్పుడు వత్తులు చెదురుతుంటాయి, పేర్లన్నీ ప్రూఫులో ఒక్కొక్కటే చూడండి. ఏడాదికి పని తెమలకపోతే తొందరపడొద్దు. ముత్తైదువగా పోయిన తల్లికి భాద్రపద బహుళ నవమి ఉంది, అవిధవ నవమి అంటారు. ఆ రోజు పంచవచ్చు.