రెండు లక్షల అప్పు చేసి ఇంటికి హంగులా? ముందు తడి సంగతి చూడండి

ప్రశ్న: మాది కావలి. 2007లో మామయ్యగారు కట్టించిన రెండు పడకగదుల స్లాబు ఇల్లు, 900 చదరపు అడుగులు. మావారి జీతం 30,000. నేను ఇంట్లోనే కుట్టుపని చేస్తాను, సగటున 12,000 వస్తుంది. నెల ఖర్చు 30,000. బ్యాంకులో 1,10,000 ఉంది. పాపకు నాలుగేళ్లు. మొన్న నవంబరు వానలకు హాల్లో స్లాబు కారింది. బాత్రూమ్ పక్క పడకగది గోడ కింది రెండడుగులు పొడిపొడిగా రాలుతోంది. లోపలంతా పాత డిస్టెంపరే. కాంట్రాక్టర్ 2,40,000 అన్నాడు: రంగులకు 85,000, హాల్లో ఫాల్స్ సీలింగ్‌కు 60,000, వంటగది కబోర్డులకు 70,000, డాబాకు 25,000. రెండు లక్షలు పర్సనల్ లోన్ 15 శాతానికి, మూడేళ్లకు ఇస్తామంటున్నారు. తీసుకోవచ్చా? కొన్ని పనులు మేమే చేసుకోగలమా?

జవాబు: తీసుకోకండి. రెండు లక్షలకు 15 శాతం చొప్పున 36 నెలల కిస్తీ 6,933 రూపాయలు అవుతుంది. మూడేళ్లలో కట్టేది సుమారు 2,49,600. అంటే 49,600 వడ్డీ, అదీ ప్రాసెసింగ్ ఛార్జీలు కలపకుండా. మీకు నెలకు మిగిలేది 12,000. అందులో కిస్తీ పోతే చేతిలో ఉండేది 5,000. పైగా మీ 12,000 నెలనెలా ఒకేలా రాదు. పెళ్లిళ్ల సీజన్లో జాకెట్లు కుట్టడానికి రాత్రిళ్లు చాలవు, ఆషాఢంలో, మూఢంలో మిషను ఖాళీగా ఉంటుంది. కిస్తీకి మూఢం లేదు. సొంతంగా చేసుకునే పనయితే చేతిలో డబ్బు ఆడని నెలలో ఆపేసి, తర్వాతి నెలలో అందుకోవచ్చు.

ఆ 2,40,000లో మీ ఇంటికి నిజంగా అవసరమైంది డాబా పని ఒక్కటే. దానికే అన్నిటికన్నా తక్కువ రాశారు. కారే స్లాబు కింద ఫాల్స్ సీలింగ్ అసలు వద్దు. జిప్సం బోర్డు తడిని పీల్చుకుని కుంగుతుంది. అంతకన్నా చెడ్డ సంగతి, కారుతున్న చోటును కళ్లకు కనపడకుండా కప్పేస్తుంది. లోపల కమ్మీలు తుప్పు పట్టి, ఉబ్బి, పెచ్చులు ఊడిపడేదాకా తెలియదు. సముద్రానికి దగ్గర ఊళ్లలో ఉప్పుగాలికి ఆ తుప్పు ఇంకా త్వరగా పడుతుంది. ఆ 60,000 కొట్టేయండి.

మీ దగ్గరున్న 1,10,000లో మూడు నెలల ఖర్చు, అంటే 90,000 ముట్టుకోకండి. మిగతా 20,000తో ఫిబ్రవరిలో మొదలుపెట్టండి. నెలకు మిగిలే 12,000లో 8,000 ఇంటికి, 4,000 అత్యవసర నిధికి వేయండి. జులై దాకా ఆరు నెలలకు 48,000. మొత్తం 68,000. దీన్ని నేను ఇలా పంచుతాను: డాబాకు 16,000, చెమ్మ గోడకు 8,000, కరెంటు పనికి 9,000, రంగులకు 13,000, రోలర్లు, బ్రష్‌లు, నిచ్చెన అద్దెకు 3,000, వంటగదికి 10,000, పాపకు 2,000. మిగిలిన 7,000 అనుకోని ఖర్చుకు. పాత ఇల్లు గోకితే ఏదో ఒకటి బయటపడుతుంది కాబట్టి ఆ 7,000 ముందే పక్కన పెట్టండి. ధరలు మీ ఊరి షాపులో అడిగి సరిచూసుకోండి. అయితే ఒక పద్దు పెరిగితే ఇంకో పద్దు తగ్గాలి తప్ప మొత్తం పెరగకూడదు.

ముందు డాబా. మన నెల్లూరు వైపు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడతాయి. ఫిబ్రవరి నాటికి స్లాబు ఆరుతుంది. ఇప్పుడే హాల్ సీలింగ్ మీద తడి మరకల అంచులను పెన్సిల్‌తో గీసి తేదీ వేయండి. వచ్చే వానలకు మరక గీత దాటిందో లేదో అదే చెబుతుంది. అలాగే సీలింగును కర్రతో మెల్లగా తట్టి చూడండి. డొల్ల శబ్దం వచ్చినా, కమ్మీ కనపడుతున్నా మీరు చేయి పెట్టకండి, సివిల్ ఇంజనీరుకు చూపించండి. అలా తేలితే డబ్బంతా ముందు అక్కడికే వెళ్లాలి, రంగులు ఆగాలి.

అదేమీ లేకపోతే డాబాను గట్టి బ్రష్‌తో రుద్ది కడగండి. నాచు పొడి కూడా మిగలకూడదు. రెండు రోజులు ఆరనివ్వండి. పగుళ్లను ఉలితో కొంచెం వెడల్పు చేసి, దుమ్ము ఊది, క్రాక్ ఫిల్లర్ నింపండి. ఎక్కువగా కారేది స్లాబు మధ్యలోంచి కాదు, పిట్టగోడ స్లాబును కలిసే మూలలోంచీ, నీళ్లు పోయే తూము చుట్టూరా. ఆ మూలల్లో సిమెంటుతో చిన్న వంపు కట్టించి, వారం పాటు తడిపి, పూర్తిగా ఆరాక మొదటి కోటింగ్ వేయండి. అది తడిగా ఉండగానే ఆరంగుళాల ఫైబర్ మెష్ పట్టీని అదిమి అంటించండి. వాటర్‌ప్రూఫ్ కోటింగ్ రకాన్ని బట్టి రెండు పూతలకు లీటరుకు 20 చదరపు అడుగుల దాకా వస్తుంది. 900 అడుగులకు 45 లీటర్లు కావాలి. తక్కువ కొని నీళ్లు కలిపి సాగదీస్తే ఏడాదికే పొరలుగా లేస్తుంది. పొద్దున ఆరు నుంచి తొమ్మిది లోపే వేయండి. కాలిన స్లాబు మీద వేస్తే పైపొర వెంటనే ఎండి, కింద గాలి చిక్కి బుడగలొస్తాయి. మొదటి పూత తూర్పు పడమరలుగా వేస్తే రెండోది ఉత్తర దక్షిణాలుగా వేయండి. చివరికి తూము మూసి, అంగుళం లోతు నీళ్లు ఒక రోజంతా నిలబెట్టి కింద చూడండి. తెల్లటి కోటింగ్ తీసుకుంటే ఎండ వేడి కొంత వెనక్కి పోతుంది, మే నెలలో హాల్లో ఆ తేడా తెలుస్తుంది.

తర్వాత పడకగది గోడ. దాని మీద పుట్టీ పెట్టి రంగేస్తామని ఎవరన్నా ఒప్పుకోకండి. గోడలోని నీరు ఉప్పును కరిగించుకుని బయటికొచ్చి ఆవిరవుతుంది, ఉప్పు మిగిలిపోయి పై పూతను తోసేస్తుంది. తడి ఆగనిదే ఏ రంగూ నిలవదు. రెండడుగుల పాలిథిన్ షీటును నాలుగు వైపులా టేపుతో గోడకు అంటించి, ఒక రోజు తర్వాత చూడండి. గోడ వైపు నీటి చుక్కలుంటే తడి గోడలోంచే వస్తోంది. మీ గోడకు అవతల బాత్రూమ్ ఉంది కాబట్టి ముందు టైల్స్ సందులు, పైపు కలిసే చోట్లు చూపించండి. ఈ పని తాపీ మేస్త్రిదే. ఆయన లీకు ఆపి, చెడిన పూతను మరక కన్నా ఒక అడుగు పైదాకా కొట్టేసి, గోడ ఆరాక మళ్లీ పూయాలి. ఆ మీద ఈ ఏడాది పల్చగా సున్నం చాలు. సున్నం కింద గోడ ఆరుతూనే ఉంటుంది, ప్లాస్టిక్ రంగు తడిని లోపలే బిగించేస్తుంది.

కరెంటు పని కూడా మీరు చేసేది కాదు. పాత ఇల్లు, చిన్న పిల్ల, చెమ్మ గోడ. ఈ మూడూ ఉన్న ఇంట్లో 30 మిల్లీఆంప్స్ ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకయితే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్, లేకుండా ఉండకండి. దానికీ ఎలక్ట్రీషియన్ కూలీకీ 3,000, తక్కువ కరెంటు తినే రెండు బీఎల్‌డీసీ ఫ్యాన్లకు 6,000. పాత ఫ్యాన్ 75 వాట్లు తింటే ఇది 30. రోజుకు 15 గంటలు తిరిగితే ఫ్యానుకు నెలకు 20 యూనిట్లు తగ్గుతాయి. యూనిట్ 6 రూపాయలనుకుంటే 120. చలి నెలలు తీసేసినా రెండున్నరేళ్లలో ఫ్యాను ఖరీదు తిరిగొస్తుంది. ఈ జాబితాలో పెట్టిన డబ్బును వెనక్కి ఇచ్చే వస్తువు ఇదొక్కటే.

రంగులు మీ ఇద్దరూ వేసుకోగలరు, శని ఆదివారాలకు ఒక గది చొప్పున. రంగుల పనిలో సాధారణంగా సగానికి పైగా కూలీయే కాబట్టి మిగులు కూడా ఇక్కడే ఎక్కువ. మీ గదులు మామూలు కొలతలే అనుకుంటే తలుపులు, కిటికీలు పోను గోడలు 1,600 చదరపు అడుగులు, సీలింగ్ 500 పైచిలుకు. ప్రైమర్ 20 లీటర్లు, గుంటలు, పగుళ్ల వరకు సిమెంట్ పుట్టీ 40 కిలోల బస్తా ఒకటి, గోడలకు ఎమల్షన్ 20 లీటర్లు, సీలింగ్‌కు తెలుపు 6 లీటర్లు. రెండు కోటింగులకు లీటరుకు 100 అడుగులని వేసిన లెక్క ఇది. గోడలన్నిటికీ ఒకే రంగయితే 20 లీటర్ల బకెట్ చవక పడుతుంది, గదికో రంగంటే లీటరు డబ్బాల ఖరీదు కట్టాలి.

డిస్టెంపర్ మీద నేరుగా ఎమల్షన్ వేయడమే అందరూ చేసే తప్పు. అరచేత్తో రుద్దితే తెల్ల పొడి అంటుతోందంటే ఆ పొడి మీదే రంగు కూర్చుంటుంది, పొడితో పాటే ఊడుతుంది. నీళ్లు చల్లి నానబెట్టి, పుట్టీ బ్లేడుతో గీకేయండి. ఇదే చాకిరీ, గదికి ఒక పూట పడుతుంది. పుట్టీ కిలోకు 400 మిల్లీలీటర్ల లోపు నీళ్లు పోసి, ఒకసారికి రెండు కిలోలే కలపండి. రెండు మూడు గంటల్లో గట్టిపడుతుంది, అప్పుడు మళ్లీ నీళ్లు పోసి వాడితే పట్టు ఉండదు. గుంటలున్న చోట గోడను కాస్త తడిపి పల్చగా లాగండి. ఆరాక 180 నంబరు ఎమరీతో రుద్ది, దుమ్ము తుడిచి, ప్రైమర్ ఒకటి, ఎమల్షన్ రెండు. ఎమల్షన్ పూతకూ పూతకూ మధ్య కనీసం నాలుగు గంటలు ఆగండి.

తలుపులు, కిటికీ గ్రిల్స్ దగ్గర మాత్రం జాగ్రత్త. ఇంటి రంగుల్లో సీసం (లెడ్) అనే విష లోహాన్ని 90 పీపీఎంకు, అంటే పది లక్షల్లో 90 వంతులకు, పరిమితం చేసిన నిబంధన మన దేశంలో 2017 నవంబరు నుంచి అమల్లోకి వచ్చింది. మీ ఇల్లు అంతకు పదేళ్ల ముందుది. పాత ఆయిల్ పెయింట్‌లో సీసం ఉండొచ్చు. పొడిగా రుద్దకండి, వాటర్ పేపర్‌తో తడిపి రుద్దండి, ఆ గుజ్జును పాత గుడ్డతో ఎత్తి మూటగట్టి పారేయండి. ఆ రెండు రోజులూ పాపను అమ్మమ్మ వాళ్లింట్లో ఉంచండి.

వంటగదిలో కడప బండ అరలుంటే వాటికి తలుపులు పెట్టిస్తే చాలు. అల్యూమినియం ఫ్రేము షట్టర్లు చెమ్మకు ఉబ్బవు, చెద పట్టవు. ఎండీఎఫ్ (చెక్క పీచును అదిమి చేసే బోర్డు) కబోర్డు సింకు కింద ఎక్కువ కాలం నిలవదు. బండ అరలు సమంగా ఉండవు కాబట్టి వెడల్పు పైన, మధ్యన, కింద మూడు చోట్ల కొలిచి, తక్కువది తీసుకోండి. కింది అరలకు స్ప్రింగ్ తీగ మీద మీరు కుట్టిన గుడ్డ తెరే సరిపోతుంది. కిటికీ గట్టుకు రాయి కావాలంటే ఒంగోలు, చీమకుర్తి వైపు గ్రానైట్ షాపుల్లో మిగులు ముక్కలు అడగండి. 18 మిల్లీమీటర్ల రాయి చదరపు అడుగుకు నాలుగున్నర కిలోల బరువుంటుంది, కాబట్టి గోడకు బిగించే అరలుగా వాడకండి. పాపకు ఆమె చేయి అందే ఎత్తులో నాలుగడుగుల బ్లాక్‌బోర్డ్ పెయింట్, ఒక తక్కువ ఎత్తు పుస్తకాల అర చాలు.

జులైకి ఇంటి పద్దు ముగుస్తుంది, అత్యవసర నిధి 1,14,000 అవుతుంది. అక్కడి నుంచి మొత్తం 12,000 అందులోకే వేస్తే ఇంకో ఆరు నెలల్లో 1,80,000 దాటుతుంది. అంటే ఆరు నెలల ఖర్చు చేతిలో ఉన్నట్టు. రోజుకు రూపాయి చొప్పున ఆడవాళ్లు పొదుపు ఉద్యమం నడిపిన జిల్లా మన నెల్లూరు, మీకు ఈ లెక్క కొత్త కాదు. అప్పు తీసుకుని, మిగతా 40,000 బ్యాంకులోంచి పెట్టి ఉంటే అదే రోజుకు మీ దగ్గర 1,31,000 ఉండి, ఇంకా రెండేళ్ల కిస్తీలు 1,66,000 బాకీ ఉండేవి.

గోడల రంగు బకెట్లో మిగిలే నాలుగు లీటర్లను మూత బిగించి, షేడ్ నంబరు రాసి నీడలో దాచండి. వచ్చే సంక్రాంతికి ఇల్లంతా సర్దుతున్నప్పుడు పడకగది గోడకు పాలిథిన్ షీటు మళ్లీ అంటించండి. సంక్రాంతి మనకు వానల వెంటే వస్తుంది, గోడలు ఇంకా తడిగానే ఉంటాయి కాబట్టి పండగకు రంగు తొందర పడకండి. షీటు పొడిగా ఉంటే ఫిబ్రవరిలో సున్నం గీకి ఆ నాలుగు లీటర్లు వాడేయండి. చుక్కలు కనపడితే మేస్త్రిని మళ్లీ పిలవండి.